డెంగీ ఒకసారి వస్తే మళ్ళీ రాదా?

కిందటి వానాకాలంలో ఒక సోమవారం. ఓపీ చీటీల వరుస వరండా దాటి గేటు దాకా వచ్చింది. షాపూర్‌నగర్ నుంచి ఒక తల్లి పదకొండేళ్ళ కొడుకును భుజానికి ఆనించుకుని తీసుకువచ్చింది. ఆమె భర్త జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. పిల్లవాడికి నాలుగు రోజులు బాగా జ్వరం కాసిందట. ఆ రోజు తెల్లవారేసరికి ఒళ్ళు చల్లబడింది. హమ్మయ్య అనుకుని రెండు ఇడ్లీలు పెడితే కక్కేశాడు. మంచినీళ్ళు తాగిస్తే అవీ కక్కాడు. కడుపు పట్టుకుని ముడుచుకుపోతున్నాడు. చెయ్యి పట్టుకు చూస్తే చల్లగా ఉంది. నాడి సన్నగా, తొందరగా కొట్టుకుంటోంది.

"నాలుగు రోజులు ఎందుకాగావమ్మా? రక్తపరీక్ష చేయించలేదా?" అన్నాను.

"డెంగీ కాదు గద సార్! మూడేండ్ల కింద వీనికి డెంగీ అయింది. ఓసారి అయినంక మళ్ల రాదంట గద. ఉత్త జరమే అనుకున్నం" అంది ఆమె.

అది డెంగీయే. ఆ మాట తరవాత చెబుతాను. ఆ తల్లిని మాత్రం నేను కోప్పడలేదు. ఆమె మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగమే పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చింది. "ఫలానా జబ్బు ఒకసారి వస్తే మళ్ళీ వస్తుందా?" అని ఈ శీర్షికకు ఉత్తరాలు రాసే మీలో చాలామంది మనసులో ఉన్నదీ ఆ సగం నిజమే.

మన పెద్దలు వైరస్ అన్న మాట వినకముందే ఈ సంగతి కనిపెట్టారు. ఇంట్లో తట్టు వస్తే (కొన్ని జిల్లాల్లో పొంగు అంటారు) పిల్లల దగ్గర పడుకోవడానికి, చిన్నప్పుడు తట్టు వచ్చిపోయిన మేనత్తనో అమ్మమ్మనో పిలిచేవారు. ఆమెకు అంటుకోదని ధీమా. ఈ ధీమా సరైనదేనని పుస్తకంలోకి ఎక్కించిన వాడు పీటర్ పానమ్ అనే డెన్మార్క్ యువ వైద్యుడు. ఉత్తర సముద్రాల్లో ఫారో దీవులని ఉన్నాయి. అక్కడికి 1846లో తట్టు వచ్చింది. ఉన్న జనాభా 8 వేల లోపు, మంచం పట్టినవాళ్ళు దాదాపు 6 వేలు. అంతకు ముందు అక్కడ తట్టు వచ్చింది 1781లో. నడుమ 65 ఏళ్ళు ఆ జబ్బు ఆ దీవుల మొహం చూడలేదు. 1781లో చిన్నపిల్లలుగా తట్టు పడి, ముసలివాళ్ళయి ఇంకా బతికున్న వాళ్ళలో ఒక్కరికి కూడా అది మళ్ళీ రాలేదని పానమ్ రాసుకున్నాడు. 65 ఏళ్ళ తరవాత కూడా వాళ్ళ ఒళ్ళు ఆ జబ్బును మరిచిపోలేదన్నమాట.

ఈ జ్ఞాపకం ఎక్కడుంటుంది? ఎలా పనిచేస్తుంది?

జీడిమెట్ల వాళ్ళకు ఫ్యాక్టరీ గేటు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. ముక్కూ మొహం తెలియనివాడు లోపలికి దూరితే ముందు ఈల వేస్తాడు, నలుగురు పోగవుతారు, దొరికినవాణ్ణి దొరికినట్టు కొడతారు. మన ఒంట్లో కూడా వైరస్ దూరిన మొదటి నాలుగు రోజులు జరిగేది ఇదే. వైరస్ సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పక్క కణాలను హెచ్చరిస్తాయి. జ్వరం కాస్తుంది, ఒళ్ళు నొప్పులు పుడతాయి. ఆ బాధలో చాలా భాగం వైరస్ పెట్టేది కాదు, మన రక్షణ బలగం పని మొదలుపెట్టిన హడావిడి.

ఈలోగా మెడలోనూ, చంకల్లోనూ, గజ్జల్లోనూ ఉండే గ్రంథుల్లో అసలు పని సాగుతుంది. దొంగ పోలికలు చూసి, సరిగ్గా వాడికి సరిపోయే సంకెళ్ళు తయారుచేసే కణాలున్నాయి. వాటిని బి కణాలంటారు, ఆ సంకెళ్ళే యాంటీబాడీలు. వైరస్ దాక్కున్న కణాలను వెతికి పట్టుకుని చంపేవి టి కణాలు. ఇవన్నీ తయారై రంగంలోకి దిగేసరికి సుమారు వారం పడుతుంది. వైరల్ జ్వరాలు చాలావరకు వారం రోజులకు వాటంతట అవే తగ్గడానికి కారణం ఇదే. మనం మింగిన యాంటీబయాటిక్ గొప్పతనం అందులో ఏమీ లేదు. యాంటీబయాటిక్‌లు వైరస్‌ను చంపవు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా మందుల షాపుల్లో వాటి అమ్మకం తగ్గడం లేదు!

జబ్బు పోయాక ఆ సైన్యంలో ఎక్కువ భాగం చచ్చిపోతుంది. కొన్ని కణాలు మాత్రం మిగులుతాయి. వాటిని జ్ఞాపక కణాలంటారు. మరికొన్ని ఎముకల మూలుగలో స్థిరపడి ఏళ్ళ తరబడి యాంటీబాడీలను కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూ ఉంటాయి. అదే వైరస్ మళ్ళీ వస్తే ఈసారి వారం ఆగనక్కర్లేదు. వాచ్‌మన్ దగ్గర వాడి ఫోటో ఉంది, సంకెళ్ళు సిద్ధంగా ఉన్నాయి. వైరస్ వచ్చినట్టు మీకు తెలిసే లోపలే పని అయిపోతుంది. 1918 నాటి స్పానిష్ ఫ్లూ కాలంలో చిన్నపిల్లలుగా ఉండి బతికి బయటపడినవాళ్ళ రక్తాన్ని సుమారు 90 ఏళ్ళ తరవాత అమెరికాలో పరీక్షించారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. రక్తం ఇచ్చినవాళ్ళ వయసు 91 నుంచి 101. వాళ్ళ ఒంట్లో ఆ పాత ఫ్లూ వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు అప్పటికీ ఉన్నాయి! టీకా చేసేదీ ఇదే. దొంగను రానివ్వకుండా వాడి ఫోటో మాత్రం వాచ్‌మన్‌కు ఇస్తుంది.

మరి జలుబు ఏటా ఎందుకొస్తుంది అంటారు. జలుబు ఒక్క వైరస్ కాదు, నూటికి పైగా రకాలున్నాయి. ఒకదాన్ని గుర్తుపెట్టుకుంటే ఇంకొకటి వస్తుంది. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది. కరోనా కూడా ఆ పనే చేసింది. 2021 వేసవిలో జబ్బుపడి లేచినవాళ్ళకే 2022 జనవరిలో ఒమిక్రాన్ మళ్ళీ వచ్చింది. అయితే వాళ్ళలో చాలామందికి అది ఒళ్ళు నొప్పులతో, గొంతు మంటతో పోయింది. గేటు దగ్గర యాంటీబాడీలు ఆపలేకపోయినా, పాత జబ్బు వల్లా టీకాల వల్లా సిద్ధమైన టి కణాలు లోపల కాపు కాశాయి. కాబట్టి "మళ్ళీ వచ్చింది కాబట్టి నిరోధకశక్తి లేదు" అనుకోవడమూ తప్పే.

అమ్మవారు పోసిన వాళ్ళకూ ఒక మాట. ఆటలమ్మ మళ్ళీ రావడం అరుదే గాని ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదట్లో నిద్రపోతూ ఉంటుంది. వయసు మీరి నిరోధకశక్తి సన్నగిల్లినప్పుడు సర్పి రూపంలో ఒక పక్కన మంటగా పొక్కుతుంది. ఇక తట్టు పద్ధతి వేరు. అది తన జ్ఞాపకాన్ని పదిలంగా ఉంచి, మిగిలిన జబ్బుల జ్ఞాపకాలను చెరిపేస్తుంది. టీకా వేయించుకోని పిల్లలను తట్టుకు ముందూ తరవాతా పరీక్షించి చూస్తే, అంతవరకు వాళ్ళు కూడగట్టుకున్న రకరకాల యాంటీబాడీల్లో నూటికి 11 నుంచి 73 దాకా మాయమైనట్టు 2019లో తేలింది. తట్టు తగ్గాక కూడా చాలాకాలం పిల్లలకు దగ్గు, విరేచనాలు పట్టుకోవడం మన పెద్దలు చూసిందే. టీకా ఇలా చెరపదు. తొమ్మిదో నెల నిండగానే ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి, రెండు డోసులూ వేయించండి.

ఇంతకీ డెంగీ దగ్గరికి వద్దాం.

డెంగీ వైరస్‌లు నాలుగు. వాటికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లే పేర్లు. అన్నదమ్ముల పోలికలు, కాని ఒకే మనిషి కాదు. ఒకటో రకం వచ్చి తగ్గినవాడికి ఒకటో రకం మళ్ళీ దాదాపు రాదు. ఆ తల్లి విన్న మాట ఇంతవరకు నిజం. మిగిలిన మూడింటి నుంచి కూడా కొన్ని నెలలపాటు రక్షణ ఉంటుంది. ఆ తరవాత ఆ రక్షణ సన్నగిల్లుతుంది. అప్పుడు రెండో రకం వైరస్ ఉన్న దోమ కుట్టిందనుకోండి. వాచ్‌మన్ చూస్తాడు. ఫోటోలో ఉన్న దొంగ లాగే ఉన్నాడు. భుజం పట్టుకుంటాడు. కాని సంకెళ్ళు అన్నగారి కొలతవి, తమ్ముడి చేతులకు బిగుసుకోవు. వాచ్‌మన్ వాణ్ణి పట్టుకున్నానన్న భ్రమలో తిన్నగా ఆఫీసు గదిలోకే తీసుకుపోతాడు!

ఇది ఉపమానమే గాని ఒంట్లో జరిగేది అచ్చంగా ఇంతే. యాంటీబాడీ అతుక్కున్న వైరస్‌ను మింగి అరిగించుకోవడానికి రక్తంలో కొన్ని పెద్ద కణాలున్నాయి. డెంగీ వైరస్ సంతానం పెంచుకునేది సరిగ్గా ఆ కణాల్లోనే. పాత యాంటీబాడీ వైరస్‌ను చంపలేదు సరికదా, దానికి ఆ కణాల తలుపు తెరిచిపెడుతుంది. వైరస్ పది రెట్లు పెరుగుతుంది, దాన్ని చూసి రక్షణ బలగం ఇంకా రెచ్చిపోతుంది. ఆ పోరులో సన్న రక్తనాళాల గోడలు సడలి రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. మరిగిన చారులా రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది.

ఈ విషయాన్ని మొదట గట్టిగా పట్టుకున్నవాడు స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికన్ వైద్యుడు. 1960లలో బ్యాంకాక్ ఆస్పత్రుల్లో ప్రాణం మీదికి వచ్చిన పిల్లల్లో రెండు రకాల వాళ్ళున్నారని గమనించాడు. రెండోసారి డెంగీ వచ్చినవాళ్ళు ఒక రకం. ఏడాది కూడా నిండని చంటిపిల్లలు ఇంకో రకం. చంటిపిల్లలకు అది మొదటిసారే కదా? నిజమే, కాని తల్లి నుంచి వచ్చిన డెంగీ యాంటీబాడీలు వాళ్ళ రక్తంలో ఉన్నాయి. కొన్ని నెలలకు అవి చాలినన్ని లేకుండా తగ్గి, రక్షించే బదులు తలుపు తెరిచే పనికి దిగుతాయి.

అనుమానం ఎవరికైనా మిగిలి ఉంటే క్యూబా దేశం తీర్చింది. 1977లో అక్కడ ఒకటో రకం డెంగీ వచ్చింది. లక్షల మందికి సోకినా తేలిగ్గానే పోయింది. 1981లో రెండో రకం వచ్చింది. నాలుగు నెలల్లో 3,44,203 మంది జబ్బుపడ్డారు, పదివేల పైచిలుకు మందికి విషమించింది, 158 మంది చనిపోయారు. వాళ్ళలో 101 మంది పిల్లలు. మళ్ళీ 1997లో శాంటియాగో అనే ఊళ్ళో రెండో రకమే తలెత్తింది. ఈసారి విషమించినవాళ్ళు పెద్దవాళ్ళు, 1977 నాటి డెంగీ చూసినవాళ్ళు. ఆ తరవాత పుట్టిన పిల్లలకు అది మొదటిసారి కాబట్టి తేలిగ్గా పోయింది. ఇరవై ఏళ్ళు గడిచినా ఒళ్ళు ఆ పాత జబ్బును మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటేనే బాగుండేది.

టీకా తయారీ ఇన్నేళ్ళు ఆలస్యం కావడానికీ ఇదే కారణం. 2016లో ఫిలిప్పీన్స్ దేశంలో ఒక డెంగీ టీకాను 8 లక్షలకు పైగా బడిపిల్లలకు వేశారు. అంతకు ముందు ఎప్పుడూ డెంగీ సోకని పిల్లల్లో ఆ టీకాయే మొదటి డెంగీలా పనిచేసి, తరవాత నిజమైన డెంగీ వస్తే విషమించే అవకాశం ఉందని 2017 నవంబరులో తయారుచేసిన కంపెనీయే చెప్పింది. కార్యక్రమం ఆగిపోయింది. ఆ తరవాతి టీకాల విషయంలో అందరూ ఆచితూచి అడుగు వేస్తున్నారు. నాలుగు రకాలనూ ఒకేసారి గుర్తుపెట్టించే టీకా మీద మన దేశంలో ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో 2024 ఆగస్టులో 10 వేల మందికి పైగా మనుషుల మీద పెద్ద పరీక్ష మొదలైంది. తొందరపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఈ లెక్క మన ఇంటి గడపకు ఎలా వర్తిస్తుందో చూడండి. 2017-18లో ఐసీఎంఆర్ వాళ్ళు 15 రాష్ట్రాల్లో, 5 నుంచి 45 ఏళ్ళ వయసువాళ్ళ రక్తం తీసి డెంగీ జ్ఞాపకం ఎంతమందిలో ఉందో చూశారు. దేశం మొత్తం మీద నూటికి 49 మందిలో ఉంది. మన దక్షిణాదిన నూటికి 77 మందిలో ఉంది! వాళ్ళలో చాలామంది "నాకెప్పుడూ డెంగీ రాలేదు" అనేవాళ్ళే. మొదటి డెంగీ ఎక్కువమందిలో ఏ లక్షణాలూ లేకుండానో, రెండు రోజుల ఉత్త జ్వరంగానో పోతుంది. అంటే చింతల్‌లోనో సూరారంలోనో గాజులరామారంలోనో మీకు ఇవాళ వచ్చిన డెంగీ మీరనుకున్నట్టు మొదటిది కాకపోవచ్చు. మీకు తెలియకుండానే రెండోది కావచ్చు. ఒకసారి వచ్చినవాళ్ళు "ఇక రాదు" అని నిబ్బరంగా ఉండకూడదు, ఎప్పుడూ రానివాళ్ళు "ఇది మొదటిదే కదా" అనీ అనుకోకూడదు.

అలాగని హడలిపోకండి. రెండోసారి వచ్చినా ఎక్కువమంది మామూలుగానే కోలుకుంటారు. విషమించేది కొద్దిమందికి. ఆ కొద్దిమందినీ కనిపెట్టి సెలైన్ సమయానికి ఎక్కిస్తే దాదాపు అందరూ బతుకుతారు. సమయం తప్పడమే ప్రమాదం.

ఆ సమయం ఎప్పుడంటే, మనం హమ్మయ్య అనుకునే సమయమే. డెంగీలో నీరు ఊరిపోవడం మొదలయ్యేది జ్వరం మండుతున్నప్పుడు కాదు, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగేటప్పుడు. ఆ తరవాతి ఒకటి రెండు రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. విడవని కడుపునొప్పి, మళ్ళీ మళ్ళీ వాంతులు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం, నల్లటి విరేచనం, మగతగా పడి ఉండడం లేక కుదురు లేకుండా కొట్టుకోవడం, చేతులు కాళ్ళు చల్లబడడం, ఆరు గంటలయినా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. అర్ధరాత్రయినా ఆటో పిలవండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ బరువును బట్టి. ఆస్పిరిన్, బ్రూఫెన్, నొప్పుల సూది వద్దే వద్దు. అవి రక్తస్రావాన్ని ఎగదోస్తాయి. (షాపూర్‌నగర్ పిల్లవాడికి ముందురోజు సాయంత్రం ఎవరో నొప్పుల సూది పొడిచే పంపారు!) గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓఆర్‌ఎస్, ఏది తాగితే అది, కొద్దికొద్దిగా, మాటిమాటికీ ఇవ్వండి.

రక్తపరీక్ష గురించి. మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తరవాత ఐజీఎం పరీక్ష పనికొస్తాయి. రెండోసారి డెంగీలో ఇవి రెండూ ఒక్కోసారి మోసం చేస్తాయి. ఎన్ఎస్1 త్వరగా మాయమవుతుంది, ఐజీఎం అంతగా పెరగదు. కాబట్టి కాగితం మీద నెగటివ్ అని ఉన్నా, పిల్లవాడు నీరసపడుతుంటే పిల్లవాణ్ణే నమ్మండి, కాగితాన్ని కాదు. ఇక ప్లేట్‌లెట్ల పిచ్చి. లక్షకు తగ్గాయనగానే రక్తదాతల కోసం ఊరంతా ఫోన్లు చేస్తారు. రక్తస్రావం లేనప్పుడు, లెక్క పదివేలకు దిగువన పడితే తప్ప, ప్లేట్‌లెట్లు ఎక్కించే అవసరం సాధారణంగా ఉండదు. మేము ఎక్కువ కంగారుపడేది రిపోర్టులో ఇంకో అంకె చూసి. పీసీవీ అని రాసి ఉంటుంది. అది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతోందని అర్థం. బొప్పాయి ఆకు రసం తాగించాలా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. వాంతులవుతున్న పిల్లవాడి నోట్లో ఆ చేదు రసం పోసి మరో వాంతి తెప్పించడం నాకిష్టం లేదు. నిరోధకశక్తి పెంచుతామని డబ్బాల్లో అమ్మే పొడుల సంగతి అడగనే వద్దు. డెంగీలో చిక్కు నిరోధకశక్తి తక్కువై వచ్చింది కాదని ఇంతసేపూ చెప్పాను.

షాపూర్‌నగర్ పిల్లవాడి పీసీవీ ఆ ఉదయం 51 ఉంది. వెంటనే సెలైన్ పెట్టాం. రాత్రంతా గంట గంటకూ బీపీ చూశాం. మర్నాడు మధ్యాహ్నానికి మూత్రం ధారాళంగా వచ్చింది. మూడోనాడు పెరుగన్నం అడిగాడు. ఇంటికి పంపేటప్పుడు ఓపీ చీటీ వెనక, డెంగీ ఏ సంవత్సరంలో రెండుసార్లు వచ్చిందో తేదీలతో రాసి, "దీన్ని రేషన్ కార్డుతో పాటు దాచమ్మా, ఎక్కడికి ఏ జ్వరంతో పోయినా ముందు ఇది చూపించు" అన్నాను. మూడోసారి, నాలుగోసారి వచ్చే డెంగీ సాధారణంగా అంత తీవ్రంగా ఉండదు. అయినా ఆ చీటీ చూసే డాక్టరుకు పని సులువవుతుంది. మీ ఇంట్లో డెంగీ వచ్చినవాళ్ళుంటే మీరూ ఆ తేదీలు రాసిపెట్టుకోండి.

ఆమె చీటీ మడిచి కొంగున కట్టుకుని అక్కడే నిలబడింది. "ఇంట్ల ఎనిమిది నెలల పాప ఉంది సార్. దానికేం కాదు గద?"

చంటిపిల్లల గురించి హాల్‌స్టెడ్ ఏం చూశాడో ఆమెకు చెప్పలేదు. నల్లా నీళ్ళు ఎప్పుడెప్పుడు వస్తాయని అడిగాను. రోజు విడిచి రోజట. వంటింటి బయట రెండు నీలం డ్రమ్ములు, మెట్ల కింద పాత కూలర్ ఉన్నాయంది. డెంగీ దోమ మురికి కాలవలో కాదు, అలాంటి శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుందనీ, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలుననీ, అది కుట్టేది పగలేననీ, పాపను పగటిపూట కూడా దోమతెరలోనే పడుకోబెట్టమనీ చెప్పాను. డ్రమ్ము ఖాళీ చేస్తే చాలదు, గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా చావవు, పీచుతో లోపలి అంచు గట్టిగా రుద్దాలని కూడా చెప్పాను.

"ఇయ్యాల్నే రుద్దుత సార్" అని పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయలుదేరింది.